మా రోజుల్లో ఎనిమిది వాట్లు చాలేవి

ఈ మధ్య వేప్, అంటే ఈ-సిగరెట్ గురించి అడగడానికి నా దగ్గరికొచ్చే కుర్రాళ్లందరి నోటా ఒకటే ప్రశ్న: "అంకుల్, ఇది ఎన్ని వాట్ల దాకా వెళ్తుంది?" చేతిలో బరువైన డబ్బా, దాని మీద రంగుల స్క్రీన్, స్క్రీన్ మీద 80 అనో 100 అనో అంకె. లిక్విడ్‌ని ఆవిరి చేసే కాయిల్ ఎన్ని ఓమ్‌లు అని అడిగేవాడు లేడు. లిక్విడ్‌లో నికోటిన్ ఎంతుందో సీసా తిప్పి చూసినవాడు లేడు. సిగరెట్ మానడానికి కొన్నావా, మేఘాలు వదలడానికి కొన్నావా అంటే నీళ్లు నములుతారు. మా రోజుల్లో వస్తువులు నాసిరకమే, కాదనను. కానీ లోపల ఏం జరుగుతోందో తెలియకపోతే ఒక్క దమ్ము కూడా సరిగా వచ్చేది కాదు. అందుకని చచ్చినట్టు తెలుసుకునేవాళ్లం.

నేనుండేది లండన్‌లో, ఈస్ట్ హామ్‌లో. 2007 జులై 1 నుంచి ఇంగ్లండ్‌లో పబ్బుల్లో, ఆఫీసుల్లో పొగ తాగడం నిషేధం. జనవరి చలిలో ఆఫీసు వెనక గోడకి ఆనుకుని, చేతులు కొంకర్లు పోతుంటే సిగరెట్ కాల్చిన బ్యాచ్ మాది. ఆ తర్వాత మూడు నాలుగేళ్లకి ఈ-సిగరెట్ మా మధ్యకి వచ్చింది. దాన్ని ఇప్పటి రూపంలో తయారుచేసింది హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు, 2003లో. ఆయన తండ్రి ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు, హాన్ కూడా గట్టిగా సిగరెట్లు కాల్చేవాడు. ఈ వస్తువు పుట్టిందే సిగరెట్ వదలలేని మనిషి అవసరంలోంచి. ఇప్పుడు రంగురంగుల పెట్టెల వరసల ముందు నిలబడ్డవాళ్లకి ఆ సంగతి ఎవరు చెప్తున్నారు?

మొదట వచ్చినవి అచ్చం సిగరెట్ ఆకారంలో ఉండేవి. లాగితే చివర ఎర్ర లైటు వెలిగేది. గంటకే చార్జింగ్ అయిపోయేది. వాటితో సిగరెట్ మానినవాణ్ణి నేనైతే చూడలేదు. అసలు మార్పు ఇగో బ్యాటరీతో వచ్చింది. వేలంత లావు, ఒకే ఒక్క బటన్, 650 ఎంఏహెచ్ లేదా 1100. దాని మీద సీఈ4 అని ఒక ప్లాస్టిక్ గొట్టం బిగించేవాళ్లం. అందులో కాయిల్ పైన ఉండేది. అక్కణ్ణుంచి తెల్లటి వత్తులు కిందికి లిక్విడ్‌లోకి వేలాడేవి. లిక్విడ్ సగానికి తగ్గిందంటే తడి పైదాకా ఎక్కేది కాదు. రెండు దమ్ములు లాగడం, గొట్టాన్ని అడ్డంగా తిప్పి వత్తులు తడపడం, మళ్లీ లాగడం. మరిచిపోయి మూడోది లాగితే గొంతులో మంట, నోరంతా మాడు వాసన.

గొట్టాన్ని గట్టిగా బిగిస్తే ఇంకో తంటా. బ్యాటరీ పైన మధ్యలో చిన్న పిన్ను ఉంటుంది. గొట్టం ఎక్కే మరని 510 అంటారు, ఇవాళ్టికీ చాలా ట్యాంకులు దాని మీదే నడుస్తున్నాయి. బిగింపు ఎక్కువైతే ఆ పిన్ను లోపలికి దిగబడేది. బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది, ఆవిరి రాదు. కొత్తవాళ్లు పాడైపోయిందని పారేసేవాళ్లు. మేము బటన్ ఐదుసార్లు నొక్కి బ్యాటరీ ఆఫ్ చేసి, పేపర్ క్లిప్ కొసని తిన్నగా సాగదీసి, ఆ పిన్నుని వెంట్రుకవాసి పైకి లేపేవాళ్లం. అంతే, మళ్లీ పని చేసేది. అది ఎవరో ఒక పాతకాపు పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాడు. మేము ఇంకొకడికి చూపించేవాళ్లం.

లెక్క కూడా అలాగే వచ్చింది. వోల్టుల్ని వోల్టులతోనే గుణించి ఓమ్‌లతో భాగిస్తే వాట్లు. బ్యాటరీ సగటున 3.7 వోల్టులు ఇస్తోంది, కాయిల్ 2.4 ఓమ్‌లు, అంటే 5.7 వాట్లు. అదే బ్యాటరీ మీద 1.8 కాయిల్ పెడితే 7.6. ఆవిరి చాలడం లేదనుకున్నవాడు 1.8 తెచ్చుకునేవాడు, గొంతు మండుతోందన్నవాడు 2.4కి వెళ్లేవాడు. తర్వాత 2012 ప్రాంతంలో ట్విస్ట్ బ్యాటరీలు వచ్చాయి. అడుగున చిన్న చక్రం, బొటనవేలితో తిప్పితే 3.3 నుంచి 4.8 వోల్టుల దాకా. 1.8 కాయిల్ మీద దాన్ని చివరిదాకా తిప్పితే 12.8 వాట్లు, ఆ చిన్న వత్తులకి అది మరణశాసనమే. అందుకని కాయిల్ మార్చిన ప్రతిసారీ చక్రాన్ని కిందికి తిప్పి మళ్లీ మొదట్నుంచీ వచ్చేవాళ్లం.

ఆ అవస్థ తీర్చడానికే వాట్లు మార్చుకునే డివైస్ వచ్చింది. అమెరికాలో ఇవాల్వ్ కంపెనీ వాళ్లు డార్విన్ అనేదాంతో దారి వేశారు. నువ్వు ఎనిమిది వాట్లు అని పెడితే చాలు, అది కాయిల్ ఎన్ని ఓమ్‌లో తనే కొలుచుకుని, ఎన్ని వోల్టులు పంపాలో తనే తేల్చుకుంటుంది. బ్యాటరీ దిగిపోతున్నా నీ ఎనిమిది నీకు వస్తూనే ఉంటుంది. తర్వాత ఇన్నోకిన్ ఎంవీపీ వచ్చింది, 11 వాట్లే దాని హద్దు, కానీ నిజాయితీగా పనిచేసేది. 2014లో ఈలీఫ్ వాళ్ల ఐస్టిక్ 20 వాట్లది వచ్చేసరికి అరచేతిలో ఇమిడే డివైస్ అంటే ఎలా ఉండాలో తెలిసిపోయింది. దాని మీద ఆస్పైర్ నాటిలస్ ట్యాంక్, 1.8 కాయిల్, తొమ్మిది పది వాట్లు. నాకు తెలిసిన తెలుగువాళ్లలో సిగరెట్ పూర్తిగా వదిలినవాళ్లు ఎక్కువమంది ఆ జోడీతోనే వదిలారు. అందులో నేనూ ఒకణ్ణి.

ఆ తర్వాత ఏమైందో ఏమో, అందరికీ వాట్ల పిచ్చి పట్టింది. అర ఓమ్, పావు ఓమ్ కాయిల్స్, వంద వాట్లు, రెండొందల వాట్లు. గది నిండా మేఘాలు, పోటీలు, బహుమతులు. సిగరెట్ మానడం సంగతి పక్కకి పోయింది. తర్వాత వాట్లు మార్చే వీలే లేని, వాడి పారేసే డిస్పోజబుల్స్ వచ్చాయి. యూకేలో వారానికి దాదాపు 50 లక్షలు చెత్తలోకి పోతున్నాయని 2023లో మెటీరియల్ ఫోకస్ అనే సంస్థ లెక్క తేల్చింది. ప్రతిదాంట్లో ఒక లిథియం బ్యాటరీ! 2025 జూన్ 1 నుంచి యూకేలో వాటి అమ్మకం ఆపేశారు, మంచి పని చేశారు. అవి దొరక్కపోయేసరికి కుర్రాళ్లు మళ్లీ లిక్విడ్ పోసుకునే డివైస్‌ల వైపు వస్తున్నారు. వస్తే రానీ. కానీ చేయి పట్టుకుని చూపించేవాడు లేడు.

మొన్నామధ్య కందుకూరు నుంచి మాకు బాగా కావలసినవాళ్లబ్బాయి ఇంటికొచ్చాడు. కవెంట్రీలో ఎంఎస్సీ. ఇక్కడ ఇరవై సిగరెట్ల ప్యాకెట్ పదిహేను పౌండ్లకి పైమాటే, కాబట్టి వీడు రోలింగ్ టొబాకో పొట్లాం కొని చుట్టుకుంటున్నాడు. దాన్ని మానేద్దామని వేప్ కొన్నాడు, సంతోషం. లాగి చూపించమన్నాను. ఒక్క దమ్ముకే కళ్లలో నీళ్లు తిరిగేలా దగ్గాడు. "తల తిరిగిపోతోంది అంకుల్, నాకిది పడదేమో. మళ్లీ చుట్టుకోవడమే నయం" అన్నాడు.

డివైస్ నా చేతిలోకి తీసుకున్నాను. స్క్రీన్ మీద 55 వాట్లు. ట్యాంక్ విప్పి అడుగునుంచి కాయిల్ లాగి, టిష్యూతో తుడిచి, దీపం కింద పెట్టి చూపించాను. దాని పక్కనే చెక్కి ఉంది: 0.4 ఓమ్, 50 నుంచి 60 వాట్లు. ఆ రాత ఉందనే వాడికి తెలియదు. ఇక లిక్విడ్ సీసా చూస్తే నిక్ సాల్ట్, అంటే నికోటిన్ సాల్ట్ రకం, మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు, చట్టం ఒప్పుకునే అత్యధికం. ఆ లిక్విడ్ పది పన్నెండు వాట్ల మీద చిన్న దమ్ములు లాగడానికి చేసింది. దాన్ని 55 వాట్ల మీద గుండెల నిండా లాగితే తల తిరగక ఏమవుతుంది? రెండూ ఒకే కౌంటర్ మీద, ఒకే మనిషి, ఒకే సంచీలో వేసి ఇచ్చాడట. రోజుకి ఎన్ని తాగుతావు నాన్నా అని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ కుర్రాడు మా ఇంటికి రాకుండా ఉంటే మర్నాడే మళ్లీ పొగాకు పొట్లాం కొనేవాడు. అలా వెనక్కి పోయినవాళ్లు ఎంతమందో!

వాడి డబ్బాని పారెయ్యమనలేదు. నా దగ్గరున్న చిన్న ట్యాంక్ తెచ్చి, కొత్త 1.2 ఓమ్ కాయిల్ వేశాను. కాయిల్ పక్కన చిల్లుల్లో దూది కనిపిస్తుంది కదా, దాని మీద ఒక్కో చుక్క లిక్విడ్ వేసి, ట్యాంక్ నింపి, పది నిమిషాలు కదల్చకుండా ఉంచాను. ఆ పది నిమిషాలూ ఆగలేకే సగంమంది మొదటి రోజే కాయిల్ మాడ్చేస్తారు. తర్వాత వాట్లు తొమ్మిదికి దించి, ఒక్కో అర వాటూ పెంచుతూ లాగమన్నాను. పదకొండు దగ్గర వాడి మొహం తేటపడింది. అదే స్క్రీన్, అదే బటన్. తేడా అంతా కాయిల్‌లోనే ఉంది.

మా నాన్న కందుకూరు వైపు వర్జీనియా పొగాకు వేసేవాడు. ఆకుని సెగతో ఆరబెట్టే బ్యారన్‌లో కట్టాక మొదట సన్నసెగ మీదే ఉంచాలి. ఆకు నెమ్మదిగా పసుపు తిరిగాక సెగ పెంచుకుంటూ పోవాలి, ఈనె ఎండడం అన్నిటికన్నా చివర. తొందరపడి ముందే కట్టెలు ఎగదోస్తే ఆకు పచ్చగానే ఎండి, వేలంలో అడిగే నాథుడు ఉండడు. కాయిల్‌కీ అదే పద్ధతి. కింది నుంచి పైకి రావాలి, రుచి కుదిరిన చోట ఆగిపోవాలి.

ఇది ఒక్క రుచి సంగతి కాదు. 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ అచ్చయింది. ఒక ట్యాంక్ ఈ-సిగరెట్‌ని 3.3 వోల్టుల మీద పరీక్షిస్తే ఫార్మాల్డిహైడ్‌కి సంబంధించిన పదార్థాలేవీ కనిపించలేదు, 5 వోల్టుల మీద కనిపించాయి. ఆ వేడి దగ్గర దూది మాడిపోతుంది, మనిషైనవాడెవడూ ఆ దమ్ము లాగలేడని మిగతా పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. అదీ నిజమే. మాడు రుచి వస్తే ఆపెయ్యమని మన నాలుకే చెప్తుంది. కానీ ఇప్పటి లిక్విడ్లలో తీపీ చల్లదనమూ దట్టించి పోస్తున్నారు. ఆ తీపి కాయిల్ మీద నల్లగా పేరుకుపోయి వారానికే పాడు చేస్తుంది, చల్లదనం మాడుని కప్పేస్తుంది. కొత్తవాడికి ఆపాల్సిన చోటు ఎలా తెలుస్తుంది?

డబ్బు లెక్క కూడా చెప్పాలి. మా రోజుల్లో 12 మిల్లీగ్రాముల లిక్విడ్ రోజుకి మూడు మిల్లీలీటర్లతో సరిపోయేది. అంటే 36 మిల్లీగ్రాముల నికోటిన్ ఖర్చు. పెద్ద వాట్ల మీద లాగేవాళ్లు 3 మిల్లీగ్రాముల లిక్విడ్‌ని రోజుకి పన్నెండు మిల్లీలీటర్లు తగలేస్తారు. గుణించి చూడు, మళ్లీ 36. నికోటిన్ అంతే, ఊపిరితిత్తుల్లోకి పోయే ఆవిరి నాలుగింతలు. పైగా 2026 అక్టోబర్ 1 నుంచి యూకేలో ప్రతి 10 మిల్లీలీటర్ల లిక్విడ్ మీద 2 పౌండ్ల 20 పెన్నీల సుంకం. నికోటిన్ ఎంతున్నా అదే రేటు. మూడు మిల్లీలీటర్లవాడికి నెలకి దాదాపు ఇరవై పౌండ్ల సుంకం పడితే, పన్నెండువాడికి ఎనభై. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఆలోచించుకోవద్దా?

బ్యాటరీకీ ఇదే లెక్క. మంచి 18650 బ్యాటరీ ఒకటి నిండా చార్జ్ చేస్తే, పదకొండు వాట్ల మీద మూడేసి సెకన్ల దమ్ములు సుమారు వెయ్యి వస్తాయి. 55 మీద రెండొందలకి ఆవిరైపోతుంది, పైగా బ్యాటరీ తట్టుకోగలిగే కరెంటు అంచుదాకా వెళ్తుంది.

కాబట్టి కొత్తవాడు ఏది కొనాలంటే, నా మాట ఇది. 40 వాట్లు దాటనక్కర్లేదు, కింద 5 దాకా దిగాలి. చొక్కా జేబులో పట్టాలి, పట్టకపోతే ఇంట్లో మరిచిపోయి బయట సిగరెట్ అడుక్కుంటాడు. పైన 510 మర ఉండాలి. మర లేకుండా, సొంత కాయిల్స్‌తో వచ్చే పాడ్ ఇవాళ కొంటే దానికి ఏడాది తర్వాత కాయిల్స్ దొరకడం మానేస్తాయి, కంపెనీ వాడు కొత్త మోడల్ కొనమంటాడు. మర ఉంటే ఏ ట్యాంకైనా పెట్టుకోవచ్చు. కాయిల్ ఒక ఓమ్ దగ్గర్నుంచి పైకి, 10 నుంచి 15 వాట్ల మధ్య పనిచేసేది. లిక్విడ్‌లో పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) సగం సగం. వీజీ 70 శాతం ఉన్న చిక్కటిది ఆ చిన్న చిల్లుల్లోంచి దూదికి అందదు. గాలి రంధ్రం సిగరెట్ లాగినంత బిగువుగా పెట్టుకోవాలి, ముందు నోట్లోకి, ఆ తర్వాతే లోపలికి.

బ్యాటరీ విడిగా తీసి మార్చుకునేదైతే మరీ మంచిది. లోపలే బిగించినవి రెండేళ్లకి నీరసపడితే మొత్తం డివైస్ చెత్తలోకే. కానీ విడి బ్యాటరీకి భయభక్తులు కావాలి. పైన చుట్టిన ప్లాస్టిక్ కాస్త చిరిగినా వాడొద్దు. జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి వేశావా, షార్ట్ అయి తొడ కాలిపోతుంది. చిన్న ప్లాస్టిక్ పెట్టె ఒక పౌండుకి దొరుకుతుంది, కొనుక్కో. 9900 ఎంఏహెచ్ అని రాసి చవగ్గా అమ్మే 18650 ఏదైనా సరే పచ్చి అబద్ధం, అంత నిల్వ ఆ సైజులో పట్టదు. సెట్ చేశాక వాట్ల బటన్లు లాక్ చెయ్యి. జేబులో నొక్కుకుని పదకొండు కాస్తా ముప్ఫై అయి కూర్చుంటుంది.

ఇప్పటివాటిలో మంచి లేదనను. ట్యాంకులు కారడం తగ్గింది. మా సీఈ4 దెబ్బకి చొక్కా జేబులు ఎప్పుడూ జిడ్డే. షార్ట్ అయితే వెంటనే ఆపేసే చిప్‌లు వచ్చాయి, పది సెకన్లు నొక్కి పట్టుకుంటే దానంతటదే ఆగిపోతుంది. 2017 మే నాటికి పూర్తిగా అమల్లోకొచ్చిన నియమాలతో ట్యాంక్ 2 మిల్లీలీటర్లకీ, నికోటిన్ సీసా 10 మిల్లీలీటర్లకీ కుదించారు. అదొక్కటీ నాకు నచ్చదు. అయిదు మిల్లీలీటర్ల నాటిలస్ పొద్దున నింపితే రాత్రిదాకా చూసుకోనక్కర్లేదు. ఇప్పుడు మధ్యాహ్నానికే జేబులోంచి సీసా తియ్యాలి.

మేము మరో పద్ధతి పాటించేవాళ్లం, అది పూర్తిగా పోయిందని నా బాధ. 18 మిల్లీగ్రాముల నికోటిన్‌తో మొదలుపెట్టిన ప్రతివాడూ 12కి ఎప్పుడు దిగుతావని రెండోవాణ్ణి అడిగేవాడు. 12 నుంచి 6, 6 నుంచి 3. ఇప్పుడు 20తో మొదలై 20 దగ్గరే ఏళ్లు గడిచిపోతున్నాయి. నిక్ సాల్ట్ గొంతుకి తగలదు, మెత్తగా పోతుంది. ఎంత పోతోందో తెలియక చేతిలోంచి దించరు. సిగరెట్ అయితే ఒకటి అయిపోయాక ఆరిపోతుంది, ఇది ఆరదు. సిగరెట్ కన్నా వేప్ హాని చాలా తక్కువని, కానీ హాని లేనిది మాత్రం కాదని ఇక్కడి ఎన్‌హెచ్‌ఎస్ చెప్తూనే ఉంది. సిగరెట్ అలవాటే లేని పిల్లలు సరదాకి దీన్ని ముట్టుకుంటుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాళ్లు నా దగ్గరికొస్తే ఏ డివైస్ మంచిదో చెప్పను. వద్దని చెప్పి పంపేస్తాను.

ఆ కవెంట్రీ కుర్రాడు సంక్రాంతికి ఇంటికి వెళ్తానన్నాడు. వేప్ సూట్‌కేసులో పెట్టుకుంటావా అంటే ఊఁ అన్నాడు. ఇండియాలో 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ తెచ్చి, ఆపై చట్టం చేసి, ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధించారు. తయారీ, దిగుమతి, అమ్మకాలకైతే మొదటి తప్పుకే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడి కుర్రాళ్లలో సగంమందికి ఈ సంగతే తెలియదు. శంషాబాద్‌లో దిగాక తెలిస్తే ఏం లాభం? డివైస్, లిక్విడ్, బ్యాటరీలు అన్నీ గదిలోనే వదిలి వెళ్లమన్నాను. అక్కడికెళ్లాక వీధి చివర కిళ్లీకొట్టు ఉంటుంది, స్నేహితులుంటారు, విడి సిగరెట్ అందుబాటులో ఉంటుంది. అందుకని ప్రయాణానికి రెండు నెలల ముందే 20 నుంచి 10కి, వీలైతే 6కి దిగమన్నాను. మిగతాదానికి నికోటిన్ గమ్ చాలు, 2 మిల్లీగ్రాములది అక్కడి మందుల షాపుల్లోనూ దొరుకుతుంది. పోయిన వారం ఫోన్ చేశాడు, 10కి దిగాడట. వాట్లు ఎంత మీద పెట్టావు అని అడిగితే పదకొండు అన్నాడు. కాయిల్ మార్చి ఎన్నాళ్లయిందంటే మాత్రం వెంటనే చెప్పలేకపోయాడు. ఆదివారం ఇంటికి రమ్మన్నాను, కొత్త కాయిల్ వాడి చేతే వేయిస్తాను.